నాయనమ్మకు నేను చెప్పిన అర్థం

నా చిన్నప్పుడు రామచంద్రపురంలో మా ఇంటికి వారానికి రెండు పండగలు వచ్చేవి. ఆదివారం మాట్నీ ఒకటి, శుక్రవారం వారపత్రిక ఒకటి. సినిమాకు అందరం వెళ్ళేవాళ్ళం. పత్రిక మాత్రం మా నాయనమ్మదీ నాదీ. ఆవిడకు చదవడం రాదు. నేను బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి అరుగు మీద చాప పరిచి, కళ్ళజోడు పెట్టుకుని సిద్ధంగా ఉండేది. చదివేది నేనే అయినా ఆవిడకు కళ్ళజోడు ఉండాల్సిందే.

సీరియల్ నవలలో కొత్త మాట తగిలితే నాయనమ్మ చెయ్యెత్తి ఆపేది. "అంటే ఏంటమ్మా?" అని అడిగేది. సినిమాలో విన్న మాటలనూ అలాగే ఇంటికి మోసుకొచ్చేది. అర్థం చెబితే రెండుమూడుసార్లు తనలో తనే అనుకుని, మర్నాడు ఎవరో ఒకరి దగ్గర వాడి చూసుకునేది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. క్లాసులో తెలుగులో నేనే ఫస్టు. నాకు రాని మాట ఉండదని ఆవిడ నమ్మకం. ఆ పేరు పోగొట్టుకోలేక, తెలియని మాటలకు తోచిన అర్థం చెప్పేసేదాన్ని.

ఒక శుక్రవారం 'అభిసారిక' అన్న మాట వచ్చింది. నేనెప్పుడూ వినలేదు. అభిమానం, అభినందన లాంటి మంచి మాటే అయ్యుంటుందనుకుని, "వచ్చినవాళ్ళని ఆదరించే ఇల్లాలు" అని చెప్పాను. నాయనమ్మకు ఆ మాట తెగ నచ్చింది.

తర్వాతి వారం నాన్న పనిచేసే బడి హెడ్మాస్టరుగారూ వాళ్ళావిడా మా ఇంటికి వచ్చారు. అమ్మ అప్పటికప్పుడు పెసరట్లు వేసి, కాఫీలిచ్చింది. నాయనమ్మ అమ్మను తిట్టేదీ కాదు, మెచ్చుకునేదీ కాదు. ఆవిడకు ఆ అలవాటు లేదు, అంతే. ఆ రోజు ఏమనిపించిందో, "మా కోడలు అసలైన అభిసారిక అండి. వచ్చినవాళ్ళనెవర్నీ ఊరికే పోనివ్వదు" అంది.

హెడ్మాస్టరుగారికి కాఫీ పొలమారింది. వాళ్ళావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. చాటుగా ప్రియుడి దగ్గరకు వెళ్ళే ఆడదాన్ని అభిసారిక అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం అమ్మ మొహం చూశాను. చేతిలోని పళ్ళెం అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఆ మాట?" అని నాన్న గట్టిగా అడిగారు. నాయనమ్మ నా వైపు చూసింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఎక్కడో విన్నానురా. చదువురానిదాన్ని, తప్పుగా పట్టుకున్నాను" అంది.

నేను నోరు విప్పలేదు.

"ఆవిడకి ఏ మాట ఎక్కడ అనాలో బాగా తెలుసులెండి" అని అమ్మ లోపల్నుంచి అంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ పదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. అమ్మ వేళకు అన్నం పెట్టేది, మందులు ఇచ్చేది. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు.

నాయనమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. శుక్రవారం మళ్ళీ చాప పరిచింది. చదువుతుంటే కొత్త మాట వచ్చింది. ఆవిడ చెయ్యెత్తలేదు. నేనే ఆగి, "దీని అర్థం నాకు తెలియదు నాయనమ్మా" అన్నాను.

"తెలియకపోతే తెలియదనడంలో తప్పేముందమ్మా" అని నా తల నిమిరింది. ఏడుపొచ్చింది. అయినా లేచి వంటింట్లోకి వెళ్ళి అమ్మకు నిజం చెప్పలేకపోయాను. రేపు చెబుదామనుకున్నాను. నాయనమ్మ పోయిన రోజున కూడా అలాగే అనుకున్నాను.

పెద్దయ్యాక తెలుగు టీచర్నయ్యాను. పిల్లలు అడిగిన మాట రాకపోతే "నాకు తెలియదు, రేపు చూసి చెబుతాను" అనేదాన్ని. ఎంత నిజాయితీయో అని తోటి టీచర్లు మెచ్చుకుంటే తలదించుకునేదాన్ని.

అమ్మకు ఇప్పుడు ఎనభై నాలుగు. నా దగ్గరే ఉంటోంది. మొన్నొక ఉదయం ఇద్దరం గోరుచిక్కుళ్ళు గిల్లుతుండగా అంతా చెప్పేశాను. అమ్మ గిల్లడం ఆపింది.

"అయితే ఆవిడ నన్ను మెచ్చుకుందన్నమాట" అంది. చేతిలోని కాయ పక్కన పెట్టి, "ఏమందో మళ్ళీ చెప్పు" అంది.

చెప్పాను. సాయంత్రం మళ్ళీ అడిగింది. ఇప్పటికీ రెండు మూడు రోజులకోసారి అడుగుతుంది, నేను చెబుతాను. వింటూ చిన్నగా నవ్వుకుంటుంది. ఆ నవ్వు ముప్పై ఏళ్ళ వయసులో, నాయనమ్మ ఎదురుగా ఉండగా నవ్వాల్సింది.