ఓ యు జి హెచ్

ఆ రోజుల్లో చిలకలూరిపేట మొత్తానికి నా అంత ఇంగ్లీషు వచ్చినవాడు లేడు. బొంబాయి నుంచి వచ్చిన పత్తి వ్యాపారి ఒకాయన నాతో గంటసేపు మాట్లాడి, మీరు లండన్లో చదివారా అని అడిగాడు. అడగలేదు లెండి. మీ ఓనరు ఎక్కడ అని ఇంగ్లీషులో అడిగితే నేను చేత్తో చూపించాను, అంతే. జిన్నింగ్ మిల్లులో గుమాస్తాని. టెన్త్ ఇంగ్లీషు మూడోసారికి గట్టెక్కినవాణ్ణి. మా మిల్లులో గట్టెక్కిన ముఖం నాదొక్కటే కావడంతో నా స్నేహితుడు నా దగ్గరికే చదువు చెప్పమని వచ్చాడు.

వాడు మా మిల్లులోనే జిన్ను మిషన్ దగ్గర పనిచేసేవాడు. పత్తి తోస్తుంటే గింజ ఒక పక్కకి, దూది ఒక పక్కకి పోయేవి. నుసి మాత్రం తోసేవాడి లోపలికి పోయేది. మూతికి తువ్వాలు కట్టుకున్నా ఆగేది కాదు. ముప్పై దాటకముందే వాడు ముసలివాడిలా దగ్గేవాడు. ఆ పనిలో ఉన్నంతకాలం మందు రాసి లాభం లేదని డాక్టరు తేల్చేశాడు.

సరిగ్గా అప్పుడే గుంటూరులో ఒక క్రైస్తవ మిషనరీ స్కూలు అటెండరు రిటైరయ్యాడు. ఆ స్కూలు చూసే పాస్టరుగారు వీణ్ణి చిన్నప్పట్నుంచీ ఎరుగుదురు. టెన్త్ పాసైనట్టు కాగితం తెస్తే పోస్టు నీదే, సెప్టెంబరు పరీక్ష ఫలితాల దాకా ఆపగలను, ఆపైన నా చేతుల్లో లేదు అన్నారట. వీడికి మిగతా సబ్జెక్టులన్నీ ఎప్పుడో పోయాయి. ఇంగ్లీషొక్కటే మిగిలింది.

"గంట కొట్టడం, రిజిస్టర్లు మొయ్యడం, అంతేరా పని," అన్నాడు. "గదికి నాలుగు కిటికీలున్నాయి. అన్నీ తెరిచే ఉంటాయి."

ఉద్యోగం కావాలన్నవాడు కిటికీలు లెక్కబెట్టడం అప్పుడే చూశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో కూర్చునేవాళ్లం. మొదట్లో బాగానే నడిచింది. ఒకరోజు పాఠంలో ఆ నాలుగక్షరాలు వచ్చాయి. ఓ, యు, జి, హెచ్. మా బండి అక్కడ దిగబడింది.

వాడు తెలుగు చదివినట్టే ఇంగ్లీషు చదివేవాడు. రాసింది పలకాలి, పలికింది రాయాలి. "కౌఘ్," అన్నాడు. "టౌఘ్. రౌఘ్. ఇనౌఘ్."

పక్కన పిల్లకి అన్నం పెడుతున్న వాడి భార్య చెయ్యి ఆపి ఇటు చూసింది. "అన్నయ్యగారూ, ఈయన చదువుతున్నాడా, దగ్గుతున్నాడా?"

నిజానికి ఆ మొదటి మాటకి అర్థం దగ్గే. కౌఘ్ కాదురా, కాఫ్ అని చెప్పాను. వాడి కళ్లు మెరిశాయి.

"కఫం! మన కఫమేరా అది! మనోళ్ల దగ్గర కొట్టేసి, మనం గుర్తుపట్టకుండా స్పెల్లింగు మార్చారు!"

నేను పండితుడిలా తల పంకించాను. అవునో కాదో నాకేం తెలుసు? కానీ దాంతో వాడికొక తాడు దొరికింది. జి, హెచ్ కలిస్తే ఫ. టఫ్, రఫ్, ఇనఫ్ గడగడా అనేశాడు. అదే ఊపులో దఫ్, త్రఫ్ అన్నాడు.

"ఒకటి దో, ఇంకోటి త్రూ," అన్నాను.

"జి, హెచ్ ఏమయ్యాయి?"

"పలకవు."

"పలకనప్పుడు రాయడం దేనికి?"

"రాయాలి. అంతే."

"ఒరేయ్ గుమాస్తా, నీకు రాక నన్ను ఏడిపిస్తన్నావా? అవే నాలుగక్షరాలు. ఒకచోట ఓ, ఒకచోట ఊ, ఒకచోట అఫ్. ఇయ్యి అక్షరాలా, ఊసరవెల్లులా?"

ఆ నాలుగక్షరాలకు నలభై రకాల పలుకులున్నాయని నేను బెదిరించాను. ఆరో ఏడో ఉంటాయి, అందులో నాకు వచ్చినవి నాలుగు. ముందు ఇవి వదిలేసి ఉత్తరం రాయడం నేర్చుకోరా అన్నాను. వినలేదు. ఇదొక్కటి సాపు కావాలి, ఆపైన అన్నీ వాటంతటవే వస్తాయన్నాడు. పత్తి తోసేటప్పుడు కూడా తువ్వాలు కింద పెదవులు కదిలేవి. మిషన్ల మోతలో నన్ను చూసి "దో!" అని అరిచేవాడు. నేను "త్రూ!" అని అరిచేవాణ్ణి. చుట్టూ ఉన్నవాళ్లు మాకిద్దరికీ పిచ్చెక్కిందనుకున్నారు. పరీక్ష నాటికి ఎక్కడ ఆపి అడిగినా వాడు తప్పు చెప్పేవాడు కాదు.

పరీక్ష రాసి బయటికొచ్చినవాడు గేటు దగ్గర నిలబడిపోయాడు.

"రాలేదురా," అన్నాడు.

"ఏది రాలేదు?"

"ఒక్క మాటా రాలేదు. కాఫ్ లేదు, త్రూ లేదు, ఏదీ లేదు. సెలవు కావాలని హెడ్మాస్టరుకు ఉత్తరం రాయమన్నాడు."

"రాశావా?"

"జ్వరమని రాద్దామంటే జ్వరం స్పెల్లింగు రాలేదు. అందుకని దగ్గు అని రాశా."

నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వామో తెలియదు.

కొత్త పత్తి బండ్లు మిల్లు గేటు ముందు బారులు తీరిన రోజుల్లో పేపర్లో నంబర్లు పడ్డాయి. బస్టాండులో పేపరు కొన్నాం. వాడి నంబరుకు ముందు నంబరు ఉంది. వెనక నంబరూ ఉంది. అచ్చుతప్పు పడి ఉంటుందని నేను గట్టిగా వాదించాను. పేపరాఫీసులో నాకు తెలిసినవాళ్లు ఉన్నారని కూడా అన్నాను. ఎవరూ లేరని వాడికి తెలుసు. అయినా తల ఊపాడు.

మర్నాడు ఇద్దరం గుంటూరులో ఆ స్కూలుకి వెళ్లాం. పాస్టరుగారు మమ్మల్ని కూర్చోమన్నారు.

"ఇంకొక అబ్బాయికి ఇచ్చేశారయ్యా. నిన్ననే చేరాడు."

"తోటపనైనా పరవాలేదండి," అన్నాడు వాడు. "చెట్లకి నీళ్లు పోస్తానండి. పాసు కాగితం అక్కర్లేని పని ఏదైనా సరేనండి."

"ఉంటే నీకివ్వనా?"

ఇచ్చేవారే. ఆయన ముఖం చూస్తే తెలిసింది. వచ్చేముందు వాడు వరండాలో నిలబడి, కిటికీలన్నీ తెరిచి ఉన్న ఒక గదిలోకి చూశాడు. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

తిరుగు బస్సు మిర్చి యార్డు పక్కనుంచి పోతోంది. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన పాత మిరపకాయను కాబోలు టిక్కీ బస్తాల్లోంచి దులుపుతున్నారు. ఘాటు బస్సులోకి కొట్టింది. డ్రైవరు దగ్గాడు. కండక్టరు దగ్గాడు. ముసలమ్మలు, సంకలో పిల్లలు, నేను, బస్సంతా దగ్గు. వాడూ దగ్గాడు.

దగ్గుతూనే నా తొడ మీద చరిచాడు. "చూశావంట్రా! అందరూ నాబోటోళ్లే!"

ఆ కాసేపు వాడు నిజంగా సంతోషించాడు. ఇది నేను పెంచి చెప్పడం లేదు.

యార్డు దాటింది. మూసిన అద్దాలు తీశారు, గాలి వచ్చింది. ఒక్కొక్కరుగా సర్దుకున్నారు. డ్రైవరు ఆగాడు. పిల్లలు ఆగారు. నేనూ కళ్లు తుడుచుకుని ఆగాను. వాడొక్కడే ముందు సీటు కమ్మీ పట్టుకుని, తల వంచుకుని దగ్గుతూనే ఉన్నాడు. ముందున్న ముసలమ్మ వెనక్కి తిరిగింది.

"ఇంకా ఘాటు తగ్గలేదా అయ్యా?"

వాడు జవాబు చెప్పబోయాడు. చెప్పడానికి ఊపిరి అందలేదు. తగ్గుతుందిలే అమ్మా అని నేనే చెప్పాను.