ట్యాబులకు పెట్టిన బొట్టు

మా బడి చల్లపల్లి దగ్గర. పూర్వ విద్యార్థులు డబ్బు పోగుచేసి, నేను చెప్పే ఏడో తరగతికి ఏదైనా మంచి పరికరం కొనమన్నారు. హెడ్మాస్టరుగారు గోడంత టీవీ కొందామన్నారు. నేను ససేమిరా అన్నాను. టీవీ పెడితే పిల్లలు చేతులు కట్టుకుని చూస్తారు, అంతే. వాళ్ల చేతికి రావాలి, వాళ్లే నొక్కాలి. నా నోటికి జడిసి చివరికి ట్యాబులకే ఒప్పుకున్నారు కానీ, ఒక మెలిక పెట్టారు. వారంలోపు ఏ చిన్న తేడా వచ్చినా అన్నీ వెనక్కిచ్చేసి టీవీ తెచ్చేస్తామన్నారు. సరేనన్నాను.

ఇద్దరం బస్సెక్కి విజయవాడ వన్ టౌన్ వెళ్లాం. షాపాయన సినిమా పాట పెట్టి స్పీకరు వినిపించబోయాడు. పాటలు మాకెందుకండీ అని, మూడు రకాల ట్యాబులు పట్టుకుని వీధిలోకి వచ్చేశాను. మా పిల్లలు వీటిని ఆరుబయట వాడాలి. తోపుడుబళ్ల మధ్య నిలబడి చూస్తే రెండింటి తెరలు ఎండకి ఏమీ కనిపించలేదు. మూడోది మాత్రం శుభ్రంగా కనిపించింది. దొరికిందనిపించి ఎగిరి గంతేసినంత పని చేశాను. లోపలికొచ్చి, బెంచీ ఎత్తు నుంచి ఒకసారి కింద పడేసి చూడొచ్చా అని అడిగాను. షాపాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"మా మేడమ్ అంతేనండీ," అన్నారు హెడ్మాస్టరుగారు. పడేయకుండానే, మందపాటి రబ్బరు కవర్లతో సహా తీసుకున్నాం.

మా వైపు సైకిలైనా ట్రాక్టరైనా బొట్టు పెట్టకుండా వాడరు. మర్నాడు పొద్దున నేను పిల్లల్ని వరసలో నిలబెడుతుంటే, ఆయన ఆఫీసు గదిలో కొబ్బరికాయ కొట్టి ట్యాబులన్నిటికీ పూజ చేశారు. తర్వాత ఒక్కొక్కటీ పిల్లల చేతుల్లో పెట్టాం. ఆ మొహాలు చూస్తుంటే నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఆవరణలోకి వెళ్లి తలో ఆకు ఫొటో తియ్యమన్నాను.

అన్ని ఫొటోల్లోనూ ఎర్రటి మసకే. ఆకు లేదు, ఏమీ లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. హెడ్మాస్టరుగారు అప్పటికే షాపుకి ఫోన్ చేసి, అన్నీ వెనక్కి తీసుకోవాలని గట్టిగా చెబుతున్నారు. పిల్లలు ట్యాబుల్ని గుండెకి హత్తుకుని నా వంక చూశారు. నాకు ఏడుపొచ్చింది. ఒకటి తీసుకుని తిరగేశాను. వేలికి ఎరుపు అంటింది.

తడికుంకుమ. కవరుకి వెనక గుండ్రంగా ఉన్న కన్నంలో, సరిగ్గా కెమెరా మీద, నిండుగా బొట్టు. ఒక్కదాన్నీ వదల్లేదు. నా వేలు ఆయన కళ్ల ముందు పెట్టాను.

ఆయన కాసేపు వేలు చూశారు, ట్యాబు చూశారు. తర్వాత ఫోన్లో, "అబ్బే, ఏం లేదండీ. బాగున్నారా అని చేశాను," అన్నారు.

గుండ్రంగా చోటు వదిలితే బొట్టు కోసమే అనుకున్నారట. నేను పగలబడి నవ్వాను, పిల్లలూ నవ్వారు, ఆయన కూడా నవ్వుతూనే కండువాతో ఒక్కొక్కటీ తుడిచారు. చివరిది తుడిచి మందారాకు ఫొటో తీశారు. ఆకు మీది ఈనెలన్నీ కనిపించాయి. ఇంకోటి తీశారు. చీమని తీశారు. గంట కొట్టినా ఇవ్వలేదు.

పక్కనే ఎదురుచూస్తున్న పిల్ల ఇక ఉండబట్టలేక చెయ్యి చాపింది.

"సార్, నా ట్యాబు ఇవ్వండి సార్."