ఊడ్పుల పాటకు వన్స్ మోర్

డెబ్బైల్లో విజయవాడలో ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు సాయంత్రం పూట పాటకచేరీకి వెళ్లాలంటే వెంట పెద్దవాళ్లు ఉండాల్సిందే. నా స్నేహితురాలు వాళ్ల అమ్మను తెచ్చింది, నేను మా బాబాయిని తెచ్చాను. ఇంతకంటే తెలివితక్కువ పని మేమిద్దరం కాలేజీ రోజుల్లో ఇంకొకటి చేయలేదు.

కచేరీ పటమటలో, ఒక స్కూలు ఆవరణలో. చేసేది ఊళ్లో కుర్రాళ్లే. గిటార్లు, డ్రమ్ములు, వాటి పక్కన ఒక డప్పు. సినిమా పాటలు ముట్టుకోరట, పల్లెపాటలకు గిటారు తగిలించి తమ ఇష్టమొచ్చినట్టు పాడతారట. వాళ్లలో గిటారు వాయించే అబ్బాయి నా స్నేహితురాలి చర్చివాడే. ఆమె గొంతు ఎరిగినవాడు కనక, చివర్లో ఒక పాట పాడమని అడిగాడు. ఆమె ఏ పాట ఎంచుకుందో వినగానే నాకు గుండె జారింది. వాళ్ల అమ్మమ్మ ఊడ్పుల్లో, వరినాట్లు వేస్తూ, పాడిన పాట అది.

ఆ అమ్మమ్మ బతుకంతా పరాయి పొలాల్లోనే గడిచింది. తల్లి కూడా చిన్నతనంలో ఆమె పక్కనే వంగి నాట్లు వేసి, తర్వాత మిషన్ బడిలో చదువుకుని టీచరయ్యారు. అయ్యాక ఆ పాటను గుమ్మం తొక్కనివ్వలేదు. కూతురు కూనిరాగం తీసినా, "ఆ బురద కడుక్కోడానికి నాకు సగం జీవితం పట్టిందే! మళ్లీ తెచ్చి నా ఇంటికి పూస్తావా?" అని కసిరేవారు.

"మా అమ్మ ఎదురుగా ఒక్కసారి పాడేస్తే చాలే. తర్వాత చంపినా సరే," అంది నా స్నేహితురాలు. చంపితే సాక్షిని నేనే కదా అని నా ఏడుపు నాది.

తల్లికి మాత్రం "గిటారు ప్రోగ్రాం" అని చెప్పి ఊరుకుంది. మా వైపు గిటారన్నది చర్చిలో తప్ప ఎక్కడా కనపడని రోజులవి. టీచరుగారు అది సువార్త కూటమే అనుకున్నారు. ఇస్త్రీ తెల్లచీర కట్టుకుని, ప్రార్థనలకు తీసుకెళ్లే చేతిసంచి పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. దానికి తగ్గట్టు, పాడే కుర్రాడు భుజాలదాకా జుట్టు, గడ్డం, తెల్ల లాల్చీతో స్టేజి ఎక్కాడు. ఆవిడ చెంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకున్నారు.

మా బాబాయి తీరు వేరు. కూచిపూడి దగ్గర మా ఊళ్లో ఆయన ఆసామి. ఎన్నెకరాలో టీచరుగారికి కూర్చోకముందే చెప్పేశాడు. ప్రాణం మాత్రం పద్యనాటకాల మీదే. మా డెల్టాలో పద్యం నచ్చితే "వన్స్ మోర్" అని అరవాలి, అరిస్తే పాడినవాడు మళ్లీ పాడాలి. అది మర్యాద. కత్తిపోటుకు చచ్చిపడ్డ వేషగాడైనా సరే, లేచి దుమ్ము దులుపుకుని, పద్యం మళ్లీ అందుకుని, మళ్లీ చచ్చేవాడు. అలాంటివి చూసి పెరిగిన మనిషి, మొదటి పాట అయ్యీ అవకముందే "వన్స్ మోర్!" అని లేచాడు.

కుర్రాళ్లు మురిసిపోయి మళ్లీ పాడారు. బాబాయి మళ్లీ లేచాడు. ఆ పాటలో ఒకడు తప్పిపోయిన గేదె కోసం కాలవగట్టంతా వెతుకుతాడు, చివరికి దొరుకుతుంది. వన్స్ మోర్ అన్నప్పుడల్లా దొరికిన గేదె మళ్లీ తప్పిపోయేది. టీచరుగారు దీన్ని ఆదివారం బడిలో చెప్పే తప్పిపోయిన గొర్రె కథగా తీసుకుని, గేదె దొరికినప్పుడల్లా కళ్లు తెరవకుండానే "స్తోత్రం" అంటున్నారు. ఒకవైపు స్తోత్రం, ఒకవైపు వన్స్ మోర్, మధ్యలో డ్రమ్ములు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చీకటి పడకముందే ఆవరణ ఖాళీ చేయాలని స్కూలువాళ్ల షరతు. ఈ గేదె దగ్గరే పొద్దు గుంకేట్టుంది. నా స్నేహితురాలు పమిట కొంగు నలుపుకుంటూ నావైపు చూస్తోంది. నేను బాబాయి కండువా పట్టుకుని లాగాను.

"బాబాయ్, ఇది నాటకం కాదు. కాసేపు ఊరుకో."

"ఊరుకోడానికా బస్సెక్కి వచ్చింది? అడక్కపోతే పాడేవోడు ఉసూరుమంటాడమ్మాయ్," అన్నాడు.

ఎట్టకేలకు గిటారబ్బాయి నా స్నేహితురాలిని పిలిచాడు. కూతురు కీర్తన పాడుతుందనుకుని టీచరుగారు నవ్వుతూ మళ్లీ కళ్లు మూసుకున్నారు. డప్పు మొదలైంది.

"నారు పట్టిన చేతికి నీరు తోడు గదమ్మా,
నీట నానిన కాలికి నేల తోడు గదమ్మా..."

టీచరుగారి కళ్లు తెరుచుకున్నాయి. మొహంలో నవ్వు లేదు. సరిగ్గా అప్పుడే బాబాయి "వన్స్ మోర్!" అన్నాడు. నా స్నేహితురాలికి వచ్చింది ఆ రెండు ముక్కలే. వాటినే మళ్లీ పాడింది, మళ్లీ పాడింది. టీచరుగారు లేచి స్టేజి మెట్లెక్కారు. అయిపోయింది, జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తారు అనుకున్నాను.

జులపాల కుర్రాడు మాత్రం ఎవరో పెద్దావిడ ఆశీర్వదించడానికి వచ్చారనుకున్నాడు. వంగి నమస్కారం పెట్టి, మైకు తెచ్చి, ఆవిడ ఎత్తుకు దించి ముందు పెట్టాడు. దాంతో తల్లీకూతుళ్ల మాటలు ఊరంతా విన్నది.

"వచ్చిందే పాడి పాడి చంపుతున్నావు. తర్వాత చరణమేదీ?"

"రాదమ్మా."

"రానిదానివి ఎందుకెక్కావే?"

కూతురు స్టేజి దిగలేదు. ఆవిడ ఉన్నట్టుండి అందుకున్నారు. ఆదివారాల కీర్తనల గొంతు కాదది, బొంగురుగా, పొలం దాటి వినపడే గొంతు.

"గట్టు మీది ఆసామీ, పొద్దు వైపు చూడవయ్యా,
నడుము నాది, నాగలి కాదు, ఇంటికంపవయ్యా..."

ఇలాంటి పాటలు చిన్నప్పుడు గట్టు మీద, బాబాయి గొడుగు నీడలో కూర్చుని నేనూ విన్నాను. రాగం వినపడేది. మాటలు మాత్రం ఆ రోజే వినపడ్డాయి.

బాబాయికి కళ్లనీళ్లు తిరిగాయి. కండువాతో తుడుచుకుంటూనే లేచి, చేతులెత్తి, గొంతు చించుకుని "వన్స్ మోర్!" అన్నాడు.

టీచరుగారు ఆయన వైపు చూశారు. కోపంగా కాదు.

"ఇంటికి పంపమని పాడితే వన్స్ మోర్ అంటారేంటండీ ఆసామిగారూ? ఆ రోజుల్లోనూ మీవోళ్లు ఇదే అనేవోళ్లు," అన్నారు మైకులోనే.

జనం గొల్లుమన్నారు. బాబాయి కూడా నవ్వబోయి, మధ్యలో ఆగిపోయి, కూర్చున్నాడు.

ఆవిడ మైకును కూతురి ముందుకు జరిపారు. అది పొట్టిగా ఉంది, నా స్నేహితురాలు పొడగరి. పాడటానికి నడుం వంచబోయింది. టీచరుగారు వీపు మీద చెయ్యేసి ఆపారు.

"ఆ మైకు పైకెత్తు బాబూ," అన్నారు జులపాల కుర్రాడితో. "మేం వంగి పాడింది చాలు. ఇది నిలబడి పాడుద్ది."