పదకొండో రోజు పాలు

మా అత్తమ్మకు కుక్కలంటే గిట్టదు. వాకిట్లో కుక్క కనబడితే చీపురు తిరగేసేది. అలాంటి మనిషి, కోస్గి రోడ్డు మీద పత్తి లోడు డీసీఎం వ్యాను కింద పడ్డ కుక్కపిల్లను కొంగులో వేసుకొని ఇంటికి తెచ్చింది. దాని నోటి నిండా నెత్తురు. వెనక కాలు ఒకటి వేలాడుతోంది. నేను నోరు తెరుచుకొని చూస్తుంటే, "సూస్తవేంది, దవాఖానకు పోదాం నడువు" అని నన్నే కసిరింది.

పశువుల డాక్టరు కాలికి కట్టు కట్టి సెలైన్ ఎక్కించాడు. మూతి వాపు తగ్గాక మళ్లీ చూస్తానన్నాడు. చివర్లో "ఎవర్నన్నా కరిచిందా?" అని అడిగాడు.

"ఎవ్వర్నీ కరువలే సారూ" అంది అత్తమ్మ, నాకంటే ముందే.

నాలుగో రోజుకు దాని కింది దవడ వేలాడిపోయింది. చొంగ ఆగకుండా కారుతోంది. నీళ్ల గిన్నె పెడితే మూతి ముంచింది గానీ చుక్క దిగలేదు. భయపడ్డట్టు వెనక్కి జరిగింది. పక్కింటాయన గోడ మీంచి చూసి, "దానికి పిచ్చి లేసింది. కట్టె తెస్త, ఒక్క దెబ్బకు అయిపోతది" అన్నాడు. మా గడప తొక్కితే మర్యాద దక్కదని గట్టిగానే అన్నాను.

అప్పుడు అత్తమ్మ చేతికి చుట్టుకున్న గుడ్డ మీద నా చూపు పడింది. కొడవలితో తెగిందని చెబితే నాలుగు రోజులుగా నమ్మి ఊరుకున్నాను. గబుక్కున చెయ్యి పట్టుకొని గుడ్డ విప్పాను. సున్నం, కారం మెత్తిన గాయం. దాని కింద వరసగా పంటి గాట్లు.

"ఎందుకు చెప్పలే అత్తమ్మా?"

"చెప్తే దాన్ని బతకనిస్తరా? నొప్పికి కరిసింది పాపం. కావాల్నని కరిసిందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె వయసు కూడా చూడకుండా తిట్టాను. తిడుతూనే నల్లా కింద ఆ చెయ్యి పెట్టించి సబ్బుతో కడిగాను. సర్కారు దవాఖానలో నర్సమ్మ ఇంకో విడత తిట్టి, దాని చొంగ నాకూ అంటింది కాబట్టి ఇద్దరికీ సూదులు మొదలుపెట్టింది.

మర్నాడు మహబూబ్‌నగర్‌లో ఎక్స్‌రే తీయిస్తే కుక్కపిల్ల దవడ ఎముక విరిగిందని తేలింది. హమ్మయ్య అనుకున్నాను. అక్కడి డాక్టరు ఆ మాట పూర్తిగా అనుకోనివ్వలేదు.

"దవడ ఇరిగినా గిట్లనే కారుతదమ్మా, పిచ్చి ఉన్నా గిట్లనే కారుతది. ఎముక ఇరిగింది కాబట్టి అది లేదని నేను చెప్పలేను. కరిచిన రోజు నుంచి పది రోజులు మంచిగ బతికిందనుకో, మీ అత్తమ్మకు ఫికర్ లేదు. సూదులు మాత్రం ఆపొద్దు."

మూతికి టేపు చుట్టి, నాలుక ఆడేంత సందు వదిలాడు. చేతికి తొడుగులు వేసుకొని, సూది లేని సిరంజీతో పాలు పట్టమన్నాడు.

ఇక రోజులు లెక్కపెట్టడం మొదలైంది. పొద్దున్నే అత్తమ్మ పశువుల కొట్టం దాకా వచ్చి, లోపలికి తొంగి చూడకుండా "ఉన్నదా?" అని అడిగేది. ఉందంటే వెనక్కి పోయి, కుండలోంచి చెంబుడు నీళ్లు ముంచుకొని, నాకు వీపు తిప్పి తాగేది. రెండు రోజులకు గానీ నాకు అర్థం కాలేదు. నీళ్లు గొంతు దిగుతున్నాయో లేదో చూసుకుంటోంది. అప్పటి నుంచి ఆమె గుటక వినబడేదాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

ఏడో రోజు కుక్కపిల్లకు జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. తల ఎత్తలేదు. ఈగలు ముసురుతుంటే తోలుతూ, గంట గంటకూ పాలు పట్టాను. బతుకు, బతుకు అని దాని చెవిలోనే అన్నాను. ఎల్లమ్మకు మొక్కుకున్నాను.

అది బతికింది. నెల దాటాక టేపు తీశారు. మూతి కాస్త వంకరగా అతికింది, కాలు కుంటు పడింది. అయినా వాకిట్లో కోళ్లను పరుగులు పెట్టిస్తుంది. కానీ నా మనసులో ములుకులా ఉండిపోయింది పదకొండో రోజు.

పదో రోజు గడిచిపోయింది. డాక్టరు ఫోన్లో "ఇంక భయం లేదు" అన్నాడు. నేను ఏడ్చి, కడుపు నిండా తిని, హాయిగా పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే చేనుకు పోయి, మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అత్తమ్మ కొట్టంలో కింద కూర్చొని ఉంది. ఒళ్లో కుక్కపిల్ల, కట్టు కట్టిన చేతిలో సిరంజీ. వేళ్లు వంగక పాలు దాని మెడ మీద కారిపోతున్నాయి.

"పొద్దటి సంది దీనికి ఏం పట్టలేదా?"

"యాది మర్చిన" అన్నాను.

అత్తమ్మ నా మొహంలోకి చూసింది. "నిన్నటి దాక యాదుండె గదనే" అంది.

కోపంగా అనలేదు. నేను సిరంజీ అందుకోబోతే ఇవ్వలేదు, కొద్దిగా పక్కకు జరిగింది. ఆ పూట పాలు తనే పట్టింది, నేను చూస్తూ నిలబడ్డాను.