తాత చావుకు వచ్చిన ఐసు

మా తాతకు ఇందుకూరుపేటలో ఐసు ఫ్యాక్టరీ ఉండేది. మైపాడు ఒడ్డుకు చేరే చేపలకూ, చుట్టుపక్కల గుంటల్లో పట్టే రొయ్యలకూ అక్కడినుంచే ఐసు వెళ్ళేది.

అమ్మిన ఐసు సంగతి అలా ఉంచితే, ఊరికే ఇచ్చిన ఐసుకు అంతే లేదు. పెళ్ళికి ఐసు, జ్వరానికి ఐసు, చర్చిలో క్రిస్మస్ విందుకు ఐసు. ఎవరింట్లో చావు జరిగినా, దూరపు చుట్టాలు వచ్చేదాకా శవం చెడకుండా దిమ్మలు పంపేవాడు. డబ్బు మాట ఎత్తితే అలిగేవాడు.

ఇంటికి కావలసిన ముక్కను మాత్రం గోనెసంచిలో చుట్టి, స్కూటరు సీటు మీద తన వెనకాలే పెట్టుకుని తెచ్చేవాడు. ఇల్లు చేరేసరికి ఐసు సగమయ్యేది, పంచె వెనకంతా తడిసేది.

"ఏందయ్యా ఈ అవతారం? చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అని నాయనమ్మ తల పట్టుకునేది.

"ముసలాడు చల్లగా ఉండాడనుకుంటారు" అనేవాడు.

మొన్న ఎండాకాలంలో, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న తాత మళ్ళీ లేవలేదు. బెంగళూరు నుంచి అత్త రావాలి కాబట్టి నాన్న నెల్లూరు నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించాడు. తాతను అందులో ఉంచాం.

మరునాడు పొద్దున్నే మైపాడు నుంచి చేపలవాళ్ళు ఆటో నిండా ఐసు దిమ్మలతో దిగారు.

"ఫ్రీజర్ ఉండాది గదన్నా, ఇదంతా ఎందుకు?" అన్నాడు నాన్న.

"మా నాయన పోయినప్పుడు ఆయన పంపినాడు. ఇప్పుడు మేం ఉత్త చేతుల్తో రావాల్నా?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. దిమ్మలు దించేశారు.

తర్వాత తోటపల్లి గూడూరు నుంచి రొయ్యల రైతులు వ్యాను వేసుకొచ్చారు. అందులోనూ ఐసే. మా ఫ్యాక్టరీ ఆ రోజు మూసి ఉంది కాబట్టి, అందరూ కొన్నది పక్క ఊళ్ళో మాకు పోటీగా నడిచే ఫ్యాక్టరీలో. కాసేపటికి దాని ఓనరే ట్రాక్టరు వెంటబెట్టుకుని వచ్చాడు. "పొద్దుట్నించి ఐసు ఐసని ఒకటే గోల. సంగతి తెలిసి నేనే తెచ్చినా" అన్నాడు.

ముంగిట్లో ఐసు గుట్ట పడింది. ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. నాయనమ్మ ఒకసారి బయటికి తొంగిచూసి, "నిమ్మకాయలు కోయండి" అంది.

అలా మా తాత చావుకు వచ్చినవాళ్ళంతా నిమ్మరసం తాగారు. పాస్టరు గారు వాక్యం చదువుతూ మధ్యలో ఆగి, గ్లాసు కోసం చెయ్యి చాపారు. అది ఖాళీ చేసి, ఏ వచనం దగ్గర ఆగారో వెతుక్కున్నారు.

తాత గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పవచ్చని ఆయన అన్నప్పుడు, ఆ పోటీ ఓనరు లేచాడు.

"మా మిషను కాలిపోయి ఫ్యాక్టరీ ఆగిపోయింది ఒకసారి. నా గిరాకీలన్నీ ఈయనకే పోతాయని ఏడ్చినా. ఈయన వాళ్ళకు ఐసు పంపినాడు, కానీ నా పేరు చెప్పి పంపినాడు. మిషను బాగయిందాకా అట్టే జరిపినాడు. ఈ రోజు దాకా ఎవురికీ తెలీదు."

వెనక వరసలోంచి ఒక రొయ్యల రైతు గొంతు వినిపించింది: "అందుకేనా అన్నా, ఆ కొన్నాళ్ళే నీ ఐసు గట్టిగా ఉండింది!"

ముందు పాస్టరు గారే నవ్వారు. తర్వాత ఎవరూ ఆగలేదు. పోటీ ఓనరు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకు గూడా చెప్పలా చూడు ఈ మనిషి" అని నవ్వింది. ఆ నవ్వు అలాగే ఏడుపయింది. తాత పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. అప్పటికే బెంగళూరు నుంచి వచ్చిన అత్త పక్కన కూర్చుని ఆమెను పట్టుకుంది.

శవపెట్టె ఎత్తేసరికి ముంగిలంతా బురద. చెప్పులు విడిచి, కాలివేళ్ళు నేలలో గుచ్చి నడిచాం. నాన్న జారబోతే, పోటీ ఓనరు ఆ మూల తన భుజానికెత్తుకున్నాడు. సమాధుల తోట దాకా దించలేదు.

మేం తిరిగి వస్తుంటే, దారిలో పనివాళ్ళు ఫ్యాక్టరీ తలుపులు తీసి నిలబడ్డారు.

"పడవలు వస్తాయి గదన్నా" అన్నారు కొంచెం బెరుగ్గా.

నాన్న లోపలికి వెళ్ళి మోటారు వేశాడు.