పట్టు తప్పిన కడ్డీ

తెలివి అమ్మే అంగడంటూ ఒకటుంటే ఆ రోజు ముందు అక్కడికి వెళ్ళి ఉండాల్సింది. నేనేమో నేరుగా బెంగుళూరులో గోల్ఫ్ సామాన్లు అమ్మే అంగడికి వెళ్ళాను. కట్టె, కొట్టె, తెచ్చె అంటారే, నా కథా అంతే. కట్టె కొన్నదీ నేనే, కొట్టిందీ నేనే, మీదికి తెచ్చుకున్నదీ నేనే.

ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని పెరిగినవాడికి గోల్ఫ్ ఏమిటని మీరు అడగొచ్చు. పెనుకొండ దగ్గర కారు విడిభాగాల ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజర్ని. మా మేనేజరు విదేశీయుడు. కొండ దాపున ఎర్రనేల చదును చేయించి, గడ్డి పెంచి, ఆదివారాలు మాతో ఆడేవాడు. తన పాత వెడ్జ్ ఒకటి నాకిచ్చాడు. వెడ్జ్ అంటే బంతిని పైకి లేపి గుంతకు దగ్గర్లో పడేసే పొట్టి కర్ర. దాని తల బాగానే ఉంది, చేత్తో పట్టే కడ్డీ విరిగింది, కొత్తది వేయించుకోవాలి. నాకు ఒళ్ళు కడ్డీలాగే ఉంటుంది, అనుమానమంతా తల మీదే.

ఆ ఏడు మా సెక్షన్ కుదించారు. ఇద్దరు సూపర్‌వైజర్లలో ఒకరు ఉత్తరాదిలోని కొత్త ఫ్యాక్టరీకి పోవాలి. నా భార్యకు కిడ్నీలు చెడిపోయాయి. రోజు విడిచి రోజు పుట్టపర్తిలో డయాలసిస్. నేను రాత్రి షిఫ్టు అడిగి తీసుకుని, పగలు ఆమెను తీసుకెళ్ళేవాడిని. నేను తప్ప ఎవరూ లేరు. ఈ మాట మేనేజరుకు చెప్పాలి. ఆఫీసులో ఆయన చుట్టూ ఎప్పుడూ జనం, పక్కన దుబాసీ. మైదానంలో మాత్రం ఎవరైనా మంచి దెబ్బ కొడితే, భుజం మీద చెయ్యేసి బంతి దాకా నడిపించుకుపోయేవాడు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇంటి సంగతులు అడిగేవాడు. ఆ నడక నాకు కావాలి. ఒక్క మంచి దెబ్బ చాలు.

అంగడిలో రెండు కడ్డీలు ముందు పెట్టారు. ఒకటి ఉక్కుది, బరువు. ఇంకొకటి గ్రాఫైట్‌ది, నల్లగా నిగనిగలాడుతూ తేలిగ్గా ఉంది. పట్టునూలు కొనేటప్పుడు మా నాయన కళ్ళు మూసుకుని దాన్ని అరచేతిలో తూచేవాడు. నూలుకు చెమ్మ పట్టించి తూకం పెంచే వ్యాపారుల దెబ్బ తిన్న ఇల్లు మాది. “బరువు తూగిందంటే ఆడ మోసముండాదని తెలుసుకో” అనేవాడు. నేనూ కళ్ళు మూసుకున్నాను. ఉక్కుదాన్ని పక్కకు నెట్టాను. అంగడివాడు ఏదో చెప్పబోయాడు. అమ్ముకునేవాడి మాటలేలే అనుకున్నాను.

రెండో సూపర్‌వైజరుది హిందూపురం. ఆట బాగా తెలిసినవాడు. నా కొత్త కడ్డీని వేళ్ళ మధ్య ఆడించి చూశాడు. “దూది మాదిరి ఉండాదప్పా. దీన్నే పట్టుకో, ఇడిసిపెట్టొద్దు” అన్నాడు. తన వెడ్జ్‌కు ఉన్నది ఉక్కు కడ్డీ అని ఆయన చెప్పలేదు, నేను చూడలేదు.

ఆదివారాలు గడిచాయి. కర్ర ఊపితే దాని తల ఎక్కడుందో నా చేతికి తెలిసేది కాదు. ఒకసారి నేల పెళ్ళగించాను. ఒకసారి బంతి గుంతనూ కంచెనూ దాటి వేరుశనగ చేలో పడింది.

“ఏమబ్బా, ఆడ ఇత్తనాలేస్తాండావా?” అన్నాడు హిందూపురం ఆయన.

మేనేజరు నవ్వి, ఆయన భుజం మీద చెయ్యేసి ముందుకు నడిచాడు. నేను బంతి కోసం చేలోకి నడిచాను. ఇంటికెళ్తే నా భార్య “చెప్పినావా?” అని అడిగేది. వచ్చే వారం చెప్తాననేవాణ్ణి. కొన్నాళ్ళకు అడగడం మానేసింది.

ఉత్తర్వు నా పేరునే వచ్చింది. అప్పుడు వెళ్ళి చెప్పాను. మేనేజరు ఉత్తర్వు కాగితం నా ముందుకు జరిపాడు. పైవాళ్ళకు పంపేశాక ఇక మార్చలేడట. ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతున్నారు అన్నాడు దుబాసీ.

పుట్టపర్తిలో డయాలసిస్ గది బయట కూర్చుని, ఫోనులో వెడ్జ్ కడ్డీల గురించి చూశాను. కొనక ముందు చూడాల్సినవి. మిగతా కర్రలు దూరం కొట్టడానికి, వెడ్జ్ దగ్గర ఆపడానికి. అందుకే దాని కడ్డీ కాస్త బరువుండాలట. దగ్గర ఉండిపోవడం కోసం నేను కొన్నది ఆ తేలిక కడ్డీని.

రాజీనామా ఇచ్చాను. ఇప్పుడు ధర్మవరంలో ఒక నూలు అంగడిలో కూర్చుంటున్నాను. అక్కడ మాత్రం నా చెయ్యి తప్పదు.

ఫ్యాక్టరీలో నా వీడ్కోలు రోజు వెడ్జ్‌ను పట్టుగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి, అందరి ముందూ హిందూపురం ఆయన చేతిలో పెట్టాను. మేనేజరు ఇచ్చిన తల, నేను వేయించిన కడ్డీ, మా ఇద్దరి గుర్తుగా ఉంచుకోమన్నాను. దుబాసీ ఆ మాట చేరవేశాడు. మేనేజరు కళ్ళు చెమర్చాయి. ఇకపై ప్రతి ఆదివారం దీంతోనే ఆడమంటున్నారు అన్నాడు దుబాసీ. హిందూపురం ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“దూది మాదిరి ఉండాదప్పా,” అన్నాను నేను. “దీన్నే పట్టుకో, ఇడిసిపెట్టొద్దు.”

వేరుశనగ చేను రైతుకు ఇప్పటికీ బంతులు దొరుకుతున్నాయని విన్నాను.