వహ్బా అంచున ఒక గుక్క

సౌదీలోని తాయిఫ్ నుంచి వహ్బా అగ్నిపర్వత బిలానికి తెల్లారకముందే పికప్‌లో బయల్దేరాం. వెనక గేర్ల సైకిళ్లు రెండు. మా కంపెనీ క్యాంపు వదిలి వెళ్లిన ఇంజనీర్లు పారేసినవి, నేనే బాగుచేశాను. నాది జగిత్యాల, ఏసీ మెకానిక్‌ని. నాతో వచ్చిన భాయ్‌ది కడప, వాటర్ ట్యాంకర్ నడుపుతాడు. సెలవున్న ఒక్క శుక్రవారం కూడా ఒళ్లు హూనం చేసుకుంటారేమిటని రూములో వాళ్లు నవ్వేవారు. నవ్వుకోనీలే అనుకునేవాణ్ని.

అక్కడ నేలంతా లావా రాయి. బట్టీలో మాడిపోయిన ఇటుక ముక్కల్లా నల్లగా, పదునుగా ఉంటుంది. బిలం అంచు వెంట సన్నటి బాట. ఎడమవైపు చూస్తే ఎక్కడో అడుగున తెల్లటి ఉప్పు నేల. చక్రం కింద రాయి జారినప్పుడల్లా కాలు నేలకు ఆనించేవాణ్ని. భాయ్ మాత్రం ముందు ముందు పోతున్నాడు, వెనక్కి తిరిగి కూడా చూడకుండా.

బిలం సగం చుట్టేసరికి అతని సైకిల్ వంకర్లు పోసాగింది. దిగాడు, ఒక బండ నీడన కూలబడ్డాడు. పెదవులు తెల్లగా పగిలాయి. అంత ఎండలోనూ ముఖాన చెమట లేదు. అది చూసి భయపడ్డాను. సీసా మూత తీసి ఇస్తే మొహం తిప్పుకున్నాడు.

"రోజా ఉన్నాప్పా" అన్నాడు. "ఈరోజు పొద్దున్నే ఇంట్లో ఆమెకు గుండె ఆపరేషన్. బాగైందని మా బామ్మర్ది ఫోను చేసేదాకా చుక్క నీళ్లు ముట్టనని మొక్కుకున్నా."

"మరి గీ ఎండల ఎందుకొచ్చినవ్ భాయ్?"

"రూములో ఆ ఫోను చూసుకుంటా కూర్చోలేకప్పా."

నాకు ఒళ్లు మండింది. వారమంతా జనానికి నీళ్లు మోసే మనిషి, నా పక్కన ఎండిపోయి చచ్చిపోయేలా ఉన్నాడు. తిట్టాను, బతిమాలాను. పానం బాగలేకుంటే రోజా విడిచినా తప్పు లేదంటరు కదా అన్నాను. తనకూ తెలుసన్నాడు. కానీ తాను మాట తప్పితే అక్కడ ఆమెకేమైనా అవుతుందని అతని భయం. ఆ భయంతో వాదించడం నా వల్ల కాలేదు. సీసా మూత బిగించి, "నువ్వు ముట్టకుంటే నేనూ ముట్ట" అని పంతానికి పోయాను.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. అతని ఫోన్ తీసుకుని పక్కనున్న బూడిద గుట్ట ఎక్కాను. అడుగు వేస్తే సగం వెనక్కి జారుతోంది, నాలుక అంగిటికి అంటుకుపోతోంది. పైకెక్కి ఫోన్ ఎంత ఎత్తి చూపినా ఒక్క గీత రాలేదు. కింద భాయ్ పక్కకు ఒరిగి ఉన్నాడు. రోడ్డు దాకా పోయి మనుషుల్ని తెచ్చేసరికి ఈయన ఉంటాడా? ఇక ఆలోచించలేదు. జారుకుంటూ దిగి చెప్పేశాను.

"మీ బామ్మర్ది ఫోన్ జేసిండు. ఆపరేషన్ అయిపోయింది. అక్క మంచిగున్నదట."

నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు. మొదటి గుక్క గడ్డం మీదుగా కారిపోయింది, రెండోది లోపలికి పోయింది. అబద్ధమాడానన్న బాధ నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆమెకు ఏమైనా అయితే? ఆ ఆలోచనతోనే సీసా అందుకుని నేనూ తాగాను.

ఎండ తగ్గాక సైకిళ్లు నడిపించుకుంటూ పికప్ చేరాం. బండి నేనే నడిపాను. పెద్ద రోడ్డు ఎక్కగానే అతని ఒళ్లో ఫోన్ మోగింది. బామ్మర్ది నంబరు. బండి పక్కకు ఆపాను. భాయ్ ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నువ్వే ఎత్తప్పా. ఈ పక్కకు ట్యాంకర్ తోలేవాణ్ని, ఆ గుట్ట మీద సిగ్నల్ రాదని నాకు తెలీదా?"

"తెల్సి మరి ఎందుకు తాగినవ్?"

"నేను తాగకపోతే నువ్వు తాగేట్టు లేవు కదా. ఇద్దరం పోతే ఆమెకు చెప్పేదెవరు?"

ఫోన్ మోగుతూనే ఉంది. అతను కిటికీ వైపు తిరిగి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఎత్తాను. అవతల బామ్మర్ది కాదు, బొంగురుపోయిన ఆడగొంతు. భర్తే అనుకుని, ఉర్దూలో మెల్లగా అడిగింది, నీళ్లన్నా తాగినావా అని.

"తాగిండక్కా" అన్నాను.

ఫోన్ భాయ్ చెవికి ఆనించి పట్టుకున్నాను.